అన్నార్జన - అక్షరార్చన

పాఠ్యభాగ ఉద్దేశం: జీవనోపాధి కోసం రేయింబవళ్ళు శ్రమిస్తూనే సాహిత్యసృష్టి సాగించిన నవలాకారుడు శారద జీవితాన్ని పరిచయం చేయడం, రచనకు, జీవికకు గల సంబంధాన్ని గురించి విద్యార్థులలో ఆలోచన రేకెత్తించడం.

లక్ష్మికి, సరస్వతికి ఒకే ఇంట పొందిక కుదరదని లోకంలో ఒక నానుడి ఉంది. ప్రాచీన కాలంలో ఈ చిక్కును కొంతవరకు రాజాశ్రయం తీర్చింది. ప్రభువు కృతిభర్త అయి కవికి అగ్రహారాలు, కానుకలు ఇచ్చేవాడు. ఆశ్రయం తొలగిన నాడు శ్రీనాథుని వంటి కవిసార్వభౌముడు సైతం ఇక్కట్ల పాలయ్యాడని చాటువులు చెబుతున్నాయి. అచ్చుయంత్రం వచ్చిన తరువాత పాఠకుడే రచయితకు ప్రభువయ్యాడు. అయితే ఆ ఆదరం రచయిత ఇంట పొయ్యి వెలిగించడానికి చాలలేదు. అందుచేత పలువురు వేరొక కొలువును ఆశ్రయించారు. తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు పత్రికారంగంలోను, త్రిపురనేని గోపీచంద్ చలనచిత్ర, ఆకాశవాణి రంగాలలోను జీవిక వెదుక్కున్నారు. అవి కలంతో సంబంధమున్న కొలువులు. అదే తెనాలి పట్టణంలో అటువంటి ఆసరా ఏదీ లేక, హోటలు సర్వరుగా పనిచేస్తూ నవలలు రచించిన వ్యక్తి మరొకరున్నారు. ఆయనే శారద.

శారద అసలు పేరు ఎస్. నటరాజన్. 1924లో తమిళదేశంలోని పుదుక్కోటలో జన్మించారు. మాతృభాష తమిళం. 1937లో, ఇంకా బాల్యం దాటకుండానే, పొట్ట చేతపట్టుకొని తండ్రితో పాటు తెనాలి చేరారు. హోటలు పనిలో కుదిరి, పనిచేస్తూనే తెలుగు నేర్చుకున్నారు. దొరికిన పుస్తకమల్లా చదివారు. 1946లో ఆయన తొలి కథ 'ప్రపంచానికి జబ్బు చేసింది' ప్రజాశక్తి పత్రికలో వెలువడింది. సరస్వతీ నామాన్నే కలం పేరుగా ధరించిన ఆ రచయితను లక్ష్మి ఏనాడూ కరుణించలేదు.

హోటలు పని తెల్లవారక ముందే మొదలై, రాత్రి పొద్దుపోయే దాకా సాగేది. పనికి వెళ్ళని నాడు కూలి లేదు. పద్యాన్ని నడుస్తూ కూడా మనసులో అల్లుకోవచ్చు. నవల అలా కుదిరేది కాదు. పాత్రలను, సన్నివేశాలను నెలల తరబడి మనసులో నిలుపుకోవాలి. నిన్న విడిచిన చోటనే నేడు తిరిగి అందుకోవాలి. దానికి తీరిక కావాలి. శారదకు కొరవడినది ఆ తీరికే. దీనికి తోడు మూర్ఛ వ్యాధి ఆయనను వెంటాడి వేధించింది. అయినా 'మంచీ-చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం' అనే నవలలను, పెక్కు కథలను రచించారు. ఆయన రచనలను 'తెలుగు స్వతంత్ర' వంటి పత్రికలు ప్రచురించాయి.

హోటలు ఒక విధంగా ఆయనకు విద్యాలయమయింది. వ్యాపారి, గుమాస్తా, రిక్షా కార్మికుడు - పట్టణమంతా అక్కడికి వచ్చి పోతుంది. ధనం మనుషుల నడవడిని ఎలా మారుస్తుందో ఆయన దూరం నుండి ఊహించలేదు. దగ్గర నిలిచి గమనించారు. ద్వితీయ ప్రపంచ సంగ్రామం తరువాతి పట్టణ జీవితం ఆయన నవలలలో సజీవంగా నిలవడానికి కారణం ఇదే.

అంతమాత్రాన పేదరికమే ప్రతిభకు పుట్టినిల్లని భావించడం పొరపాటు. పేదరికం శారదకు కథావస్తువునిచ్చింది. వ్రాయడానికి కావలసిన ఆయువును హరించింది. 1955 ఆగస్టు 17న, ముప్ఫై ఏళ్ళు దాటిన కొద్దికాలానికే ఆయన కన్నుమూశారు. ఆయన ఇంకా వ్రాయగలిగి ఉండిన నవలలు తెలుగువారికి దక్కకుండా పోయాయి. ఆ నష్టం ఒక కుటుంబానిది మాత్రమే కాదు, ఒక భాషది.

శారద స్మృతిని నిలిపినవారిలో ఆయన మిత్రుడు ఆలూరి భుజంగరావు ముఖ్యులు. తామూ హోటలు కార్మికుడిగా జీవించి, రచయితగా, అనువాదకుడిగా ఎదిగిన భుజంగరావు 'సాహిత్య బాటసారి శారద' అనే గ్రంథంలో ఆ జీవితాన్ని అక్షరబద్ధం చేశారు.

రచన అన్నం పెడుతుందన్న హామీ నేటికీ లేదు. కనుక కథలు వ్రాయాలనుకునే యువకుడు బ్రతుకుతెరువును చిన్నచూపు చూడరాదు. బ్రతుకుతెరువు పేరిట కలాన్ని విడిచిపెట్టనూ రాదు. రచయిత తన కర్తవ్యాన్ని ఎంత కష్టానికైనా ఓర్చి నెరవేర్చవచ్చునని శారద జీవితం నిరూపించింది. పుస్తకాన్ని కొని చదివి, రచయితను బ్రతికి ఉండగానే ఆదుకోవడం పాఠకలోకం కర్తవ్యమని ఆయన మరణం గుర్తుచేస్తున్నది.

కఠిన పదాలకు అర్థాలు
కృతిభర్త = కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు
జీవిక = బ్రతుకుతెరువు
చాటువు = సందర్భాన్ని బట్టి చెప్పిన విడి పద్యం
అపస్వరం = శ్రుతి తప్పిన స్వరం

ప్రశ్నలు
1. నవలా రచనకు తీరిక ఎందుకు అవసరమో వివరించండి.
2. హోటలు శారదకు విద్యాలయం ఎలా అయింది?
3. 'పేదరికమే ప్రతిభకు పుట్టినిల్లని భావించడం పొరపాటు' - చర్చించండి.