నర్సింగ్ పాఠం మంచం దగ్గర మొదలవుతుంది



మిరపకు, పత్తికి మందు కొట్టే రోజుల్లో మన ప్రాంతపు ఆసుపత్రుల్లో కనిపించే ఒక దృశ్యాన్ని తలచుకోండి. చేలో మందు కొడుతూ కళ్ళు తిరిగి పడిపోయిన రైతును వార్డులో చేర్చారు. మొదటి రోజు గండం గడిచింది. రెండో రోజుకు ఆయన తేరుకుని ఇంటివాళ్ళతో మాట్లాడుతున్నారు. అయినా ఒక నర్సింగ్ విద్యార్థిని గంటకోసారి మంచం దగ్గరికి వచ్చి, "బాబాయ్ గారూ, తలగడ మీద నుంచి తల ఒక్కసారి పైకెత్తండి" అంటుంది. "ఏందమ్మా, ఇందాకేగా ఎత్తించావు? ఆయన్ని కాస్త కన్ను మూయనియ్యి" అని ఆయన భార్య విసుక్కుంటుంది.

ఆ అమ్మాయి ఎందుకు అడుగుతోంది? ఆ ప్రశ్న అడగాలని ఆమెకు ఎవరు, ఎప్పుడు, ఎలా నేర్పారు? విశ్వవిద్యాలయంలో నర్సింగ్ కోర్సును ఎలా సిద్ధం చేస్తారో, ఎలా బోధిస్తారో ఈ ఒక్క ఉదాహరణతో తెలుసుకుందాం. రోగులుగా, సంఘ కుటుంబాలుగా మనకు దీనితో పని ఉంది. ఎందుకంటే ఆ పాఠంలో సగం మన మంచాల దగ్గరే జరుగుతుంది.

1. ఆ ప్రశ్న వెనుక ఉన్న విషయం

మన నరాలు కండరాలకు, గ్రంథులకు కబురు పంపడానికి ఒక రసాయనాన్ని వాడుకుంటాయి. కబురు అందాక ఆ రసాయనాన్ని తుడిచివేయడానికి శరీరంలో ఒక ఎంజైము ఉంది. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగు మందులు ఆ ఎంజైమును పనిచేయనివ్వవు. దాంతో కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. నోట్లో నీళ్ళూరతాయి, కళ్ళ వెంట నీరు కారుతుంది, చెమటలు పోస్తాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఛాతీలో గురగుర మొదలవుతుంది, కండరాలు అదురుతాయి.

దీనికి డాక్టర్లు ఇచ్చే ముఖ్యమైన మందు అట్రోపిన్. అది ఊపిరితిత్తుల్లోని స్రావాలను ఆరబెట్టి, గుండె వేగాన్ని నిలబెడుతుంది. కాని కండరాల బలహీనతను అది సరిచేయదు. కొందరు రోగుల్లో మొదటి లక్షణాలు తగ్గాక, సుమారు ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మెడ కండరాలు, ఊపిరి తీసుకునే కండరాలు నీరసిస్తాయి. అప్పుడు కృత్రిమ శ్వాస యంత్రం అవసరం కావచ్చు. ఆ ప్రమాదం రాబోతోందని తెలిపే తొలి గుర్తుల్లో ఒకటి, రోగి తలగడ మీద నుంచి తల ఎత్తలేకపోవడం.

కాబట్టి ఆ అమ్మాయి మీ నిద్ర చెడగొట్టడానికి రాలేదు. ఉదయం తల ఎత్తిన మనిషి సాయంత్రం ఎత్తలేకపోతే వెంటనే డాక్టరును పిలవాలని ఆమెకు తెలుసు. ఆ గంట దాటిపోతే ప్రాణానికే ముప్పు రావచ్చు.

2. ఈ చదువు ఎక్కడి నుంచి వచ్చింది?

మన ప్రాంతంలో నర్సుల శిక్షణ కొత్తది కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ కృషితో 1898లో ఇక్కడ లూథరన్ మిషన్ ఆసుపత్రి తెరుచుకుంది. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ స్థానిక స్త్రీలకు మందులు కలిపి ఇవ్వడంలో, కాన్పులు చేయడంలో, నర్సింగ్‌లో శిక్షణ ఇచ్చారు. ఒక్క డాక్టరు ఎన్ని ఊళ్ళు తిరిగినా చాలదని, మంచం దగ్గర నిలబడి కనిపెట్టి చూసే మనుషులు కావాలని వారు గ్రహించారు.

ఆ రోజుల్లో నర్సు శిక్షణ వార్డు పని చేస్తూ నేర్చుకునేది. మన దేశంలో విశ్వవిద్యాలయ పట్టా ఇచ్చే బి.ఎస్సీ. నర్సింగ్ 1946లో ఢిల్లీలోను, వెల్లూరులోను మొదలైంది. మన రాష్ట్రంలో 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేడు అది డాక్టర్ ఎన్.టి.ఆర్. పేరుతో నడుస్తోంది. నర్సింగ్ కళాశాలలు దానికి అనుబంధంగా ఉంటాయి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బి.ఎస్సీ. నర్సింగ్‌కు కొత్త పాఠ్యప్రణాళిక ప్రకటించింది. నాలుగేళ్ళ చదువును ఎనిమిది సెమిస్టర్లుగా విభజించారు. గంటలను క్రెడిట్లుగా లెక్కిస్తారు. తరగతి పాఠానికి వారానికి ఒక గంట ఒక క్రెడిట్. ప్రయోగశాలలో అయితే ఒక క్రెడిట్‌కు వారానికి రెండు గంటలు. రోగుల దగ్గర అయితే నాలుగు గంటలు. సెమిస్టరుకు ఇరవై వారాలు కాబట్టి వార్డులో ఒక్క క్రెడిట్ సంపాదించాలంటే 80 గంటలు నిలబడాలి. తరగతి పాఠాలకు 80 శాతం హాజరు ఉంటే పరీక్ష రాయనిస్తారు. వార్డు పనికి మాత్రం పట్టా పుచ్చుకునేలోగా నూటికి నూరు శాతం పూర్తి కావాలి. మానేసిన రోజులను తరువాత చేసి తీర్చాలి. వినని పాఠాన్ని పుస్తకంలో చదువుకోవచ్చు. చూడని రోగిని పుస్తకంలో చూడలేము.

3. ఒక్క విషయానికి నాలుగేళ్ళ దారం

పురుగు మందు విషప్రభావం గురించి ఒక గంట పాఠం చెబితే సరిపోతుందా? సరిపోదు. మంచి ఉపాధ్యాయిని కోర్సు మొత్తాన్ని ముందు పెట్టుకుని, ఈ ఒక్క విషయం ఏ సెమిస్టరులో ఏ మేరకు రావాలో చూసుకుంటుంది. దండలో దారం లాగా అది అన్ని పూల గుండా వెళ్ళాలి.

మొదటి సెమిస్టరులో శరీర ధర్మశాస్త్రం చెప్పేటప్పుడు నరం కండరానికి కబురు ఎలా పంపుతుందో నేర్పుతారు. అదే సెమిస్టరులో ప్రథమ చికిత్స కూడా ఉంటుంది. మూడు, నాలుగు సెమిస్టర్లలో మందుల శాస్త్రం వస్తుంది. అట్రోపిన్ ఏమి చేస్తుంది, ఏమి చేయలేదు అన్నది అక్కడ తెలియాలి. నాలుగో సెమిస్టరులో పెద్దల రోగాల నర్సింగ్‌లో అత్యవసర సంరక్షణ వస్తుంది. అయిదు, ఆరు సెమిస్టర్లలో మానసిక ఆరోగ్యం. అయిదు, ఏడు సెమిస్టర్లలో గ్రామ ఆరోగ్యం. చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్.

ఈ పాఠాలు చెప్పేవారు వేరు వేరు వ్యక్తులు. వారు కలిసి కూర్చుని మాట్లాడుకోకపోతే ఒకే సంగతి నాలుగుసార్లు చెప్పి, ముఖ్యమైనది ఒక్కసారీ చెప్పకుండా వదిలేసే ప్రమాదం ఉంది. మొదటి సెమిస్టరులో ఆ ఎంజైము సంగతి సరిగా అర్థం కాని విద్యార్థినికి నాలుగో సెమిస్టరులో తల ఎత్తించడం వట్టి ఆచారంగా మిగులుతుంది. ఎందుకో తెలియని పనిని రాత్రి రెండు గంటల వేళ ఎవరూ శ్రద్ధగా చేయరు.

4. పాఠం రాసుకునే పద్ధతి

పాఠం చెప్పే ముందు ఉపాధ్యాయిని దాని ఉద్దేశాన్ని రాసుకుంటుంది. ఇక్కడే మంచి పాఠానికీ మామూలు పాఠానికీ తేడా తెలుస్తుంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

"విద్యార్థిని పురుగు మందు విషప్రభావం గురించి తెలుసుకుంటుంది."

"విద్యార్థిని గంటకోసారి రోగి నాడి, కంటిపాప, ఛాతీ శబ్దం, చెమట, జ్వరం, మెడ బలం చూసి చార్టులో రాస్తుంది. ఏది మారితే వెంటనే డాక్టరును పిలవాలో చెబుతుంది."

మొదటి వాక్యం వినడానికి బాగుంటుంది. కాని ఆమె తెలుసుకున్నదో లేదో మనకు ఎలా తెలుస్తుంది? రెండో వాక్యాన్ని మంచం పక్కన నిలబడి పరీక్షించవచ్చు. పాఠం ఉద్దేశం కంటికి కనబడే పనిగా ఉండాలి. కొత్త పాఠ్యప్రణాళిక సామర్థ్యానికి ప్రాధాన్యం ఇస్తోందంటే అర్థం ఇదే.

5. చెప్పడం, చూపడం, చేయించడం

ముందు తరగతిలో కారణం చెబుతారు. తరువాత నైపుణ్య ప్రయోగశాలలో బొమ్మ మీద చేసి చూపుతారు. చేతికి తొడుగులు వేసుకోవడం, విషం అంటిన బట్టలు తీసి విడిగా ఉంచడం, ఒళ్ళు, జుట్టు, గోళ్ళ సందులు సబ్బుతో కడగడం, ఊపిరి దారి శుభ్రం చేయడం ఒక్కొక్కటీ నేర్పుతారు. తరువాత విద్యార్థిని అదే పనిని తిరిగి చేసి చూపాలి. తప్పు జరిగితే అక్కడే జరగాలి. బొమ్మ క్షమిస్తుంది, రోగి శరీరం క్షమించదు.

అప్పుడే వార్డులోకి పంపుతారు. వార్డుకు వెళ్ళే ముందు పది నిమిషాలు, వచ్చాక పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవడం మంచి అలవాటు. "నీ రోగికి ఈ రాత్రి ఏ ప్రమాదం రావచ్చు?" అన్నది ముందు అడగవలసిన ప్రశ్న. "నువ్వు అనుకోనిది ఏమి చూశావు?" అన్నది తరువాతి ప్రశ్న. అట్రోపిన్ తక్కువైతే ఛాతీలో నీరు నిండుతుంది. ఎక్కువైతే జ్వరం, సంధి మాటలు, మూత్రం బిగుసుకుపోవడం కనిపిస్తాయి. రోగి మంచం మీద పొర్లుతూ ఏదో మాట్లాడుతుంటే అది భయమా, విషమా, మందు ఎక్కువైందా అన్నది చార్టు చూసి ఆలోచించడం అక్కడే అలవడుతుంది.

పరీక్ష కూడా అలాగే ఉండాలి. రాత పరీక్షలోను, ప్రాక్టికల్‌లోను విడివిడిగా ఉత్తీర్ణత పొందాలి. పేజీలకు పేజీలు రాసిన అమ్మాయి నాడి పట్టుకోలేకపోతే ఆమె ఇంకా నర్సు కాలేదు.

6. "ఏ మందు?"

మన కోర్సు ఇంగ్లీషులో ఉంటుంది, మన రోగులు తెలుగులో మాట్లాడతారు. "మందు తాగాడమ్మా" అని ఒక తల్లి ఏడుస్తూ చెప్పిందనుకోండి. డాక్టరు ఇచ్చినదీ మందే, చేలో కొట్టేదీ మందే, మద్యం దుకాణంలో దొరికేదీ మందే. కాబట్టి విద్యార్థిని వెంటనే "ఏ మందు? డబ్బా తెచ్చారా? ఎంతసేపయింది?" అని అడగడం నేర్చుకోవాలి. ఇది ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలలో ఉండదు. ఇక్కడి ఉపాధ్యాయినే దీన్ని పాఠంలో చేర్చాలి.

అలాగే అడిగే తీరు కూడా నేర్పాలి. అప్పుల బాధతోనో, ఇంట్లో మాట పడలేకనో మనసు విరిగి ఆసుపత్రికి వచ్చినవారు ఉంటారు. "ఎందుకిలా చేశావు?" అని నిలదీయడం నర్సు పని కాదు. "మీ పక్కన మేమున్నాం" అన్న ధైర్యం కలిగించి, మానసిక వైద్య సహాయం అందేలా చూడడం ఆమె పని. మనసు బాగోలేనివారు ఎవరైనా ఏ వేళలోనైనా 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

7. పంటల క్యాలెండరు, పాఠాల క్యాలెండరు

మన నేలలో పత్తి వానాకాలం మొదట్లో వేస్తారు. మిరప నారు ఆ తరువాత నాటుతారు. మందు కొట్టడం ఆ వానాకాలం నుంచి చలికాలం దాకా సాగుతుంది. ఈ పాఠం వేసవిలో పెడితే విద్యార్థినికి చూడడానికి రోగి ఉండకపోవచ్చు. సీజను ముగిశాక పెడితే ఆమె పాఠం లేకుండానే రోగిని ఎదుర్కొని ఉంటుంది. అందుకే ఈ పాఠం సీజనుకు ముందు రావాలి. గ్రామ ఆరోగ్య విభాగం వారు ఊళ్ళకు వెళ్ళే రోజులు కూడా మందు కొట్టడం మొదలు కాకముందే ఉంటే, డబ్బా మీది త్రికోణం రంగుల అర్థం రైతు కుటుంబాలకు చెప్పవచ్చు. ఎరుపు అన్నింటికంటే విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన భయం లేదని కాదు.

8. మీరు చేయగల సహాయం

విద్యార్థిని మీ దగ్గరికి వస్తే పేరు, ఏ సంవత్సరమో అడగండి. పక్కన బాధ్యత గల నర్సు ఉన్నారా అని అడగండి. ఇష్టం లేకపోతే వద్దని చెప్పే హక్కు మీకుంది, అందువల్ల మీ వైద్యం తగ్గదు. ఇష్టమైతే ఓపికగా సహకరించండి. ఈ రోజు మీ దగ్గర నేర్చుకున్నది రేపు మీ పొరుగింటివారి ప్రాణం కాపాడవచ్చు.

మీ అమ్మాయిని గాని, అబ్బాయిని గాని నర్సింగ్‌లో చేర్చాలనుకుంటే భవనం చూసి మురిసిపోకండి. కళాశాలకు కౌన్సిల్ గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నాయా? పిల్లలు ఏ ఆసుపత్రిలో పని నేర్చుకుంటారు? అక్కడ నిజంగా రోగులు ఉన్నారా? వార్డులో వారితో పాటు ఉపాధ్యాయిని ఉంటుందా? ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

జ్ఞాపకం ఉంచుకోండి

మందు కొట్టిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో స్నానం చేయించండి. కడిగేవారు తొడుగులు వేసుకోవాలి. బలవంతంగా వాంతి చేయించకండి. ఉప్పు నీళ్ళు, మజ్జిగ పట్టకండి. మందు డబ్బా గాని, దాని మీది చీటీ గాని వెంట తెచ్చుకుని ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. 108కు ఫోను చేయండి. రోగి తేరుకున్నాడని డాక్టరు చెప్పకముందే ఇంటికి తీసుకుపోకండి.

ఇంట్లో చర్చకు

1. తేరుకున్నట్టు కనిపించే రోగిని కూడా నాలుగు రోజులు ఎందుకు కనిపెట్టి చూడాలి?
2. మన ఇంట్లో మందు డబ్బాలు ఎక్కడ ఉన్నాయి? పిల్లలకు అందుతాయా?
3. ఈసారి విద్యార్థిని వచ్చి తల ఎత్తమంటే ఏమి చేస్తాం?

మూడో ప్రశ్నకు జవాబు మీకు తెలుసు. తల ఎత్తండి. ఎత్తలేకపోతే ఆ మాట వెంటనే ఆమెకు చెప్పండి.