ఎవరి పద్దు వారికే

చిరంజీవి నాయనకు,

సోలాపురము, సాఖర్‌పేట. అక్కలకోట రోడ్డులోని చాదర్ల కార్ఖానావారు తమ పద్దులను కంప్యూటరు నివేదికలుగా చూపు పనిని నీకప్పగించిరనియు, షెడ్డులోని మగ్గముల పని చూచుకొను జాబర్లకును, ఏజెంట్లకును, యజమానియైన మాలకునకును ఒకే నివేదిక పంపవచ్చునా యనియు నీవు వ్రాసిన జాబు చేరినది. నివేదిక ఒక్కటే యుండవచ్చును. అందు కనబడు పద్దులు మాత్రము చూచువానిని బట్టి మారవలెను.

ఈ పేటల సంగతి నీవెరుగనిది కాదు. నిజాము రాజ్యమునుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు వచ్చి మగ్గములను నమ్ముకొని స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబములలో జాబరును నేతగాడును ఒకే వాడలో నుందురు, ఒక్కొక్కప్పుడు వియ్యంకులును అగుదురు. నేతగాడు మాలకునకు బాకీపడిన అడ్వాన్సు ఎంతయో వేరొక షెడ్డువాని కంటబడెనా, ఆ మాట సాయంకాలమునకు వాడయంతయు ప్రాకి, వాని కూతురి సంబంధమునకు సైతము అడ్డుతగులవచ్చును. నా దృష్టిలో ఆ అడ్వాన్సు పద్దు మాలకు లాభనష్టముల పద్దుకంటె నెక్కుడు జాగ్రత్తతో కాపాడదగినది. ఏలయన, మాలకు తన పద్దును తాళమువేసి దాచుకొనగలడు, నేతగాడు దాచుకొనలేడు.

కావున నివేదికలో కొన్ని నిలువు వరుసలను మరుగుపరచినంతమాత్రమున రక్షణ కలిగెనని తలపకుము. ఆ సమాచారము అడుగున నుండనే యుండును. నియమము సమాచారపు మూలమునందే యుండవలెను. 1999లో వెలువడిన ఒరాకిల్ 8ఐ డేటాబేసు నాటికే ఈ ఏర్పాటున్నది: అడుగువాడెవడో చూచి, వాని ప్రశ్నకు డేటాబేసే ఒక షరతును చేర్చి, వానికి చెందిన అడ్డు వరుసలను మాత్రమే యిచ్చును. నివేదికలకై నీవు వాడు పవర్ బీఐలోను లాగిన్ పేరునకెదురుగా జాబరైనచో వాని షెడ్డును, ఏజెంటైనచో వాని జిల్లాను చూపు చిన్న పట్టిక నొకదానిని ఉంచి, దానిని ప్రధాన పద్దులతో ముడివేయుము. మనిషి షెడ్డు మారిననాడే ఆ పట్టికను దిద్దుము. అందు పేరులేనివానికి ఏమియు కనబడరాదు. మరియొకటి మరువకుము: వర్క్‌స్పేస్‌లో మార్పులు చేయు అధికారము కలవారికి ఈ నియమము వర్తింపదు, చూచు హక్కు మాత్రమే గల వ్యూయర్లకే వర్తించును. మొగమాటమునకు జాబరునకు దిద్దు అధికారమిచ్చితివా, నీ శ్రమయంతయు వ్యర్థము.

మొత్తములయందును జాగరూకుడవై యుండుము. ఒక షెడ్డులో జకార్డు నేతగాడొక్కడే యున్నచో, ఆ పద్దు క్రింద చూపు పగారు మొత్తమే వాని పగారు.

వ్యక్తుల వివరములను కాపాడుట వానిని ఉంచుకొనువారి బాధ్యత యని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. చట్టము లేకున్నను నేతగానికి మనము ఋణపడిన మర్యాద అది. పగారు దినము సమీపించినదని మాలకు ఎంత తొందరపెట్టినను, మొదట ప్రతి జాబరు పాత్రలోను నీవే నివేదికను తెరచి చూచి, పరుల పద్దు ఒక్కటియైన కనబడినచో దానిని పంపక నిలిపివేయుము.

ఇట్లు,
నీ పెద్దనాయన