ఏది పారదర్శకము? ఏది అపారదర్శకము?

గాజు పారదర్శకమనీ, గోడ అపారదర్శకమనీ చిన్న తరగతులలోనే మనమందరము చదువుకొన్నాము. పరీక్షలలో అట్లే వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము. కాని తలుపులు, కిటికీలు మూసిన గదిలో రేడియో పాడుతూనే ఉంటుంది. సెల్‌ఫోను మ్రోగుతూనే ఉంటుంది. కంటికి కనిపించే వెలుగును పూర్తిగా ఆపిన ఇటుక గోడ రేడియో తరంగాలకు దారి ఇచ్చిందన్న మాట. ఇక గాజు సంగతి చూద్దాము. మన శరీరము నుండి నిరంతరము వెలువడే ఉష్ణ కిరణాలను మామూలు కిటికీ గాజు దాటనీయదు. వేడిని చిత్రించే కెమెరా ముందు గాజు పలక నిలిపితే, ఆ కెమెరాకు అది గోడతో సమానము.

కనుక పారదర్శకత అన్నది పదార్థము ఒక్కదానికే చెందిన గుణమని అనుకొనుట చాలదు. ఏ పదార్థము, ఏ కాంతికి, అను రెండు ప్రశ్నలను కలిపి అడిగినప్పుడే ఆ మాటకు అర్థము ఏర్పడుతుంది. ఈ రెండవ ప్రశ్న అడగనందువల్ల కంటిచూపు దెబ్బతిన్నవారు కలరు. అందుచేత ఈ విషయమును కొంత వివరముగా పరిశీలించుట అవసరము.

వర్ణపటము

పట్టకము గుండా పోయిన సూర్యకాంతి ఏడు రంగులుగా విడిపోవుటను గురించి న్యూటన్ 1672 లో ప్రకటించినాడు. ఆ రంగుల పట్టీకి రెండు అంచులు ఉన్నవి. వాటి ఆవల ఏమున్నది అను ప్రశ్నకు సమాధానము రావడానికి మరి నూట ఇరవై ఏండ్లకు పైగా పట్టింది. 1800 లో విలియం హెర్షెల్ ఎరుపు రంగు ఆవల, కంటికి చీకటిగా తోచే చోట ఉష్ణమాపకము ఉంచగా అందులో పాదరసము పైకి ఎగబ్రాకినది. అదే పరారుణ కాంతి. మరుసటి సంవత్సరము రిట్టర్ అను శాస్త్రజ్ఞుడు ఊదా రంగు ఆవల సిల్వర్ క్లోరైడు ఉంచగా అది నల్లబడినది. అదే అతినీలలోహిత కాంతి.

కాంతి విద్యుదయస్కాంత తరంగమని మాక్స్‌వెల్ 1865 లో గణితము ద్వారా నిరూపించగా, హెర్ట్జ్ 1887–88 సంవత్సరాలలో అట్టి తరంగాలనే ప్రయోగశాలలో పుట్టించి చూపినాడు. మన దేశములో జగదీశ చంద్ర బోసు 1895 లో కలకత్తా టౌన్ హాలులో ఈ జాతి తరంగాలను గోడల గుండా పంపి, అవతల ఉన్న గంటను మ్రోగించినాడు. కంటి వెలుగుకు అడ్డమైన గోడ మరొక వెలుగుకు అడ్డము కాదని ఆనాటి సభాసదులు స్వయముగా చెవులతో విన్నారనవచ్చును. అదే 1895 లో రాంట్‌జెన్ ఎక్స్‌ కిరణాలను కనుగొన్నాడు.

ఈ తరంగాలన్నియు శూన్యములో ఒకే వేగముతో, అనగా సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్ల వేగముతో ప్రయాణిస్తాయి. వాటి మధ్య భేదము తరంగదైర్ఘ్యములోనే ఉన్నది. రేడియో తరంగాల పొడవును మీటర్లలో, కిలోమీటర్లలో కొలుస్తాము. మైక్రో తరంగాలవి సెంటీమీటర్లు, మిల్లీమీటర్లు. పరారుణ కాంతి 1 మిల్లీమీటరు మొదలు 700 నానోమీటర్ల వరకు వ్యాపించి ఉన్నది. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షవ వంతు. మన కన్ను చూడగలిగిన కాంతి సుమారు 700 నుండి 400 నానోమీటర్ల వరకు మాత్రమే. దాని క్రింద 10 నానోమీటర్ల వరకు అతినీలలోహితము, ఆ తరువాత ఎక్స్‌ కిరణాలు, గామా కిరణాలు వస్తాయి. ఇంత విశాలమైన వర్ణపటములో ప్రకృతి మన కంటికి ఒక సన్నని చీలికను మాత్రమే ప్రసాదించినది.

మరొక సంగతి. కాంతి తన శక్తిని ఫోటాన్లు అను చిన్న చిన్న మోతాదులుగా అందిస్తుంది. తరంగదైర్ఘ్యము తగ్గిన కొద్దీ ఒక్కొక్క మోతాదులోని శక్తి పెరుగుతుంది. దృశ్యకాంతిలో ఈ మోతాదు ఎరుపు వైపు సుమారు 1.8, ఊదా వైపు సుమారు 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ రెండు అంకెలను గుర్తుంచుకొంటే ముందు చెప్పబోయేది తేలికగా బోధపడుతుంది.

పదార్థము ఎదురైనప్పుడు

కాంతి ఒక పదార్థమును చేరినప్పుడు కొంత పరావర్తనము చెంది వెనుకకు మరలుతుంది. కొంత వంగి లోనికి పోతుంది. లోనికి పోయినదానిలో కొంత శోషింపబడి సాధారణముగా వేడిగా మారుతుంది. కొంత నలుదిక్కులకు చెదురుతుంది. మిగిలినది ఆవలకు వస్తుంది. అతి నిర్మలమైన గాజు కూడ తన పైని పడిన వెలుగులో నూటికి సుమారు 4 పాళ్ళు ఒక్కొక్క ఉపరితలము వద్ద వెనుకకు పంపుతుంది. రాత్రివేళ దీపము వెలిగించిన గదిలోని కిటికీ గాజులో మన ముఖము కనిపించుటకు ఇదే కారణము.

ఈ శాస్త్రమునకు పునాది వేసినవారిలో బస్రా నగరమున జన్మించి, సుమారు 1040 లో కైరోలో కన్నుమూసిన ఇబ్న్ అల్ హైథమ్ అగ్రగణ్యుడు. వస్తువుల నుండి బయలుదేరిన కాంతి కంటిని చేరుటయే చూపునకు కారణమని ఆయన ‘కితాబుల్ మనాజిర్’ అను ఏడు భాగముల గ్రంథములో ప్రయోగ పూర్వకముగా స్థాపించినాడు. లాటిన్ భాషలోనికి అనువదింపబడిన ఆ గ్రంథము 1572 లో అచ్చయి యూరపు పండితులకు పాఠ్యగ్రంథమైనది. ఆయనకంటె ముందే, 984 లో బాగ్దాదులో ఇబ్న్ సహల్ వక్రీభవన సూత్రమును రేఖాగణిత రూపములో వ్రాసి ఉంచినాడు. మనము నేడు స్నెల్ పేరుతో చదువుకొనే సూత్రము, అనగా 1621 నాటిది, దానికి సమానమైనదే.

కాంతి ఎందుకు వంగుతుంది? పదార్థములో దాని నడక మందగించుట వలన. నీటిలో దాని వేగము సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లు, గాజులో 2,00,000, వజ్రములో దాదాపు 1,24,000 మాత్రమే. నీటిలో ముంచిన కర్ర విరిగినట్లు కనబడుటకును, వజ్రము ధగధగలాడుటకును మూలము ఈ అంకెలలోనే ఉన్నది.

అసలు కారణము

ఒక కాంతిని ఒక పదార్థము ఎందుకు రానిస్తుంది, మరొక కాంతిని ఎందుకు మ్రింగివేస్తుంది? పరమాణువులలోని ఎలక్ట్రాన్లు మేడ మెట్ల వంటి శక్తి స్థాయిలలో ఉంటాయి. తనను పై మెట్టుకు ఎక్కించగల మోతాదు వచ్చినప్పుడే ఎలక్ట్రాన్ దానిని గ్రహిస్తుంది. గాజులోని ఎలక్ట్రాన్లు గట్టిగా బంధింపబడి ఉన్నవి. వాటి మెట్టు ఎత్తు ఎక్కువ. దృశ్యకాంతి తెచ్చే 2, 3 ఎలక్ట్రాన్ వోల్టులు అందుకు చాలవు. అందువల్ల ఆ కాంతి తాకిడి లేక సాగిపోతుంది. శక్తి ఎక్కువగా గల అతినీలలోహిత కిరణాలలో చాలభాగము గాజులో శోషింపబడుతుంది. ఇక రెండవ వైపున, దీర్ఘమైన పరారుణ తరంగాల ఊపు గాజులోని పరమాణువులు సహజముగా కంపించే ఊపుతో కలుస్తుంది. కనుక అవియు అక్కడనే నిలిచిపోతాయి. గాజు రెండు గోడల నడుమ తెరచిన కిటికీ వంటిది. మన కన్ను సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా ఉండుటచేత దానిని పారదర్శకమని పిలిచినాము.

సిలికాన్ సంగతి దీనికి భిన్నము. దాని మెట్టు ఎత్తు 1.1 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. కనుక దృశ్యకాంతినంతటిని అది గ్రహిస్తుంది. సౌరఫలకములు విద్యుత్తును ఇచ్చుటకు ఇదే ఆధారము. కంటికి ముదురు బూడిదరంగు రాయివలె కనబడే ఈ పదార్థమే, అంతకు తక్కువ శక్తి గల పరారుణ కాంతికి పారదర్శకము. జెర్మేనియమూ అట్టిదే. వేడిని చిత్రించే కెమెరాలకు దానితోనే కటకములు చేస్తారు.

లోహాలలో ఎలక్ట్రాన్లు ఏ పరమాణువుకు కట్టుబడక స్వేచ్ఛగా తిరుగుతాయి. వచ్చిన తరంగము ఊపుకు అవి కూడ ఊగి, దానిని వెనుకకు పంపివేస్తాయి. అందుచేతనే వెండి అద్దమువలె మెరుస్తుంది. బంగారము నీలి వెలుగును కొంత గ్రహించుట వలన పసుపు వన్నె పొందినది. దానినే మిక్కిలి పలుచని రేకుగా సాగగొట్టి దీపమునకు అడ్డుగా పట్టితే, ఆవలకు వచ్చే వెలుగు ఆకుపచ్చగా ఉంటుంది. మైకేల్ ఫారడే 1857 లో ఇట్టి రేకులపై పరిశోధన చేసినాడు. మైక్రోవేవ్ పొయ్యి తలుపులోని లోహపు జాలి మరొక ఉదాహరణ. లోపలి తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. జాలి రంధ్రములు మిల్లీమీటర్లలో ఉంటాయి. వెలుగు ఆ రంధ్రముల గుండా వస్తుంది, కనుక పదార్థము ఉడుకుట మనకు కనబడుతుంది. ఉడికించే తరంగము మాత్రము లోపలనే ఉండిపోతుంది.

పచ్చని ఆకు ఎరుపు, నీలి వెలుగులను గ్రహించి ఆకుపచ్చను విడిచిపెడుతుందని మనకు తెలుసు. కాని దృశ్యకాంతికి ఆనుకొని ఉన్న పరారుణ కాంతిలో సుమారు సగమును ఆ ఆకు వెనుకకు పంపుతుంది. ఆ వెలుగును చూడగలిగితే పైరు పొలము తళతళ మెరుస్తూ కనబడును. 1988 లో ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.–1ఎ మొదలుకొని మన దూరగ్రాహక ఉపగ్రహాలు ఈ వెలుగును కొలుస్తున్నవి. ఆ సమాచారము హైదరాబాదులోని జాతీయ దూరగ్రాహక కేంద్రమునకు చేరుతుంది. పంట ఎంత మేర ఉన్నదో, ఎక్కడ వాడుతున్నదో అంచనా వేయుటకు అది ఆధారము.

గోల్కొండ వజ్రము

మన నేలలో పుట్టిన రాయి ఈ పాఠమును ఇంకను చక్కగా చెబుతుంది. రెండు వజ్రములను ప్రక్కప్రక్కన పెట్టినాము. రెండును స్వచ్ఛముగా, నీటి చుక్కలవలె ఉన్నవి. కంటికి భేదము తెలియదు. అయినను వాటిపై అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తే ఒకటి సుమారు 300 నానోమీటర్ల వద్దనే ఆపివేయవచ్చు. రెండవది 225 నానోమీటర్ల వరకు రానీయవచ్చు. మొదటి దానిలో నత్రజని పరమాణువులు దాగి ఉన్నవి. రెండవ దానిలో అవి దాదాపు లేవు. 1934 లో శాస్త్రజ్ఞులు ఈ భేదమును బట్టియే వజ్రములను రెండు తెగలుగా విభజించినారు. కృష్ణాతీరపు కొల్లూరు వంటి గనులలో దొరికి, గోల్కొండ పేరుతో లోకప్రసిద్ధి చెందిన వజ్రములలో ఉత్తమమైనవి పలు ఈ రెండవ తెగవే. కంటికి కానరాని కాంతి రాయి లోపలి చరిత్రను బయటపెట్టినది.

తెలుపు, నీలము

పారదర్శకమైన గాజును నూరి పొడి చేస్తే అది తెల్లగా కనబడుతుంది. పదార్థము మారలేదు. కాని గాలికి, గాజుకు మధ్య వేలకొలది ఉపరితలములు ఏర్పడినవి. ఒక్కొక్క ఉపరితలము వద్ద కొంత వెలుగు మరలి, నలుదిక్కులకు చెదరిపోతుంది. ఉప్పు, పంచదార, నురుగు తెల్లగా ఉండుటకు ఇదే హేతువు. కాగితముపై నూనె చుక్క వేస్తే జరిగేది దీనికి వ్యతిరేకము. కాగితపు పోగుల మధ్య గాలి ఉన్న చోటును, ఇంచుమించు పోగులంతటి వక్రీభవన గుణకమే గల నూనె ఆక్రమిస్తుంది. చెదరుట తగ్గి, వెలుగు ఆవలకు పోతుంది.

గాలి అణువులు తరంగదైర్ఘ్యము తక్కువైన వెలుగును అధికముగా చెదరగొడతాయి. 700 నానోమీటర్ల ఎరుపుకంటె 400 నానోమీటర్ల ఊదా వెలుగు తొమ్మిది రెట్లకు పైగా చెదురుతుంది. ఆకాశపు నీలిమకు కారణము అదే. సముద్రపు నీలిమ కూడ ఆకాశపు నీడ మాత్రమేనా అను సందేహము 1921 నాటి ఓడ ప్రయాణములో సర్ సి.వి. రామన్‌కు కలిగినది. ఆ పరిశోధన పెరిగి 1928 ఫిబ్రవరి 28 నాటి రామన్ ఫలితమునకు, 1930 లో నోబెల్ బహుమతికి దారితీసినది.

కంటికి ఒక హెచ్చరిక

ఇంతవరకు చెప్పినది పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాదు. 1980 ఫిబ్రవరి 16 న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ నాటి ఆంధ్రప్రదేశ్ మీదుగా సాగినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించినారు. గ్రహణము వచ్చిన ప్రతిసారి సామాన్య జనులు మసిపట్టించిన గాజులు, పాత ఎక్స్‌రే ఫిల్ములు, పసుపు నీళ్ళ పళ్ళెములు వెదకుట పరిపాటి. మసి గాజు కంటికి నల్లగా ఉన్నంత మాత్రమున పరారుణమునకు కూడ నల్లగా ఉండునని నమ్మరాదు. సూర్యుని చూచుటకు క్షేమమైన వడపోత దృశ్యకాంతిలో లక్షకు సుమారు మూడు పాళ్ళకు మించి రానీయదు. నిశ్చలమైన నీరు లక్షకు రెండువేల పాళ్ళైనా మన కంటికి తిప్పి పంపుతుంది. రెటీనాకు నొప్పి తెలిపే నరములు లేవు. కనుక అది కాలుతున్నను మనకు తెలియదు.

వెల్డింగు దుకాణములలో పనిచేసే పిల్లలు, యువకులు ముఖకవచము లేకుండ, రంగు కళ్ళద్దములతోనో, చేయి అడ్డము పెట్టుకొనియో పని సాగించుట మనము చూస్తున్నాము. ఆ విద్యుత్ జ్వాల నుండి తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు వెలువడతాయి. పగలు ఏమియు తెలియదు. కొన్ని గంటలు గడిచిన తరువాత, అర్ధరాత్రి వేళ, కంటిలో ఇసుక పోసినట్లు మంట పుట్టుతుంది. ఎండకోసము పెట్టుకొనే చవుక నల్లద్దములతోను జాగ్రత్త అవసరము. వెలుగు తగ్గినదని కంటిపాప విప్పారుతుంది. ఆ అద్దము అతినీలలోహితమును ఆపనిదైతే, తెరచిన ద్వారము గుండా అది మరింత లోనికి పోతుంది. ఏండ్ల తరబడి అట్టి కిరణాలు సోకుట కంటి శుక్లమునకు, అనగా మోతియాబిందుకు, దోహదము చేసే కారణాలలో ఒకటి.

గ్రహణమును చూడగోరువారికి 14వ నంబరు వెల్డింగు గాజు గాని, ప్రత్యేకముగా తయారైన సౌర వడపోత గాని తగినది. అంతకంటె సులభమైనది అట్టముక్కకు సన్నని రంధ్రము చేసి, సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి, గోడపై పడిన బింబమును చూచుట. వెయ్యేండ్ల క్రితము ఇబ్న్ అల్ హైథమ్ ఈ చిన్న రంధ్రము గుండా పడిన గ్రహణ బింబమునే పరిశీలించి, గ్రహణపు ఆకారమును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసినాడు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఒక రేడియోను మ్రోగుచుండగానే మూత గల ఇనుప డబ్బాలో పెట్టి చూడండి. తరువాత గాజు సీసా పక్కన, అట్టపెట్టెలో పెట్టి చూడండి. నూనె చుక్క వేసిన కాగితమును దీపమునకు ముందు ఒకసారి, వెనుక ఒకసారి పట్టి చూడండి. వీటికి ఖర్చు లేదు. ఇంటికి పోయినప్పుడు మన వాడలోని వెల్డింగు పనివానికి, ఎండలో తిరిగే మన పెద్దలకు నల్లని అద్దము వేరు, కాపాడే అద్దము వేరు అని ఓపికగా విడమరచి చెప్పండి. మనము చదివిన చదువు మరొకరి కంటికి కాపుదల కాగలిగితే, ఆ చదువు సార్థకమైనట్లే.