రౌటర్‌కు కాపలా, ఫోన్‌కు కాపలా

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. ఇంటి వైఫైలో అశ్లీల సైట్లు రాకుండా చేయడం ఎలా?

జవాబు: ప్రభుత్వమే ఆపేసిందిగా అని నిశ్చింతగా ఉండకండి. ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో 2018లో టెలికాం శాఖ 827 సైట్లను మూయించింది. కొద్దిరోజుల్లోనే కొన్ని కొత్త చిరునామాలతో తిరిగొచ్చాయి. కాబట్టి సైట్ల పేర్లు మీరే ఒక్కొక్కటిగా బ్లాక్ చేస్తూ కూర్చోవడం దండగ. ఆ జాబితాను ఎప్పటికప్పుడు సవరించే సర్వీసుకు అప్పగించండి. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ (సైట్ల జాడ వెతికిపెట్టే వ్యవస్థ) అన్నచోట 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 నింపండి. క్లౌడ్‌ఫ్లేర్ 2020 నుంచి ఉచితంగా ఇస్తున్న ఈ సర్వీసు, తన జాబితాలోని అశ్లీల సైట్ల జాడ అడిగితే చెప్పదు. టీవీ, ట్యాబ్ సహా వైఫై మీదున్న పరికరాలకు చాలావరకు ఒకేసారి వర్తిస్తుంది. పనిలో పనిగా రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. చాలా రౌటర్లకు అది అడుగున స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది!

వైఫై ఆపేసి మొబైల్ డేటా వాడితేనో, ఈ అడ్డును దాటించే వీపీఎన్ యాప్ పెట్టుకుంటేనో అంటారా? నిజమే, అసలు సందు అదే. ఆండ్రాయిడ్ ఫోనైతే ఫ్యామిలీ లింక్ యాప్‌తో మీ అబ్బాయి ఖాతాను మీ ఖాతాకు కలపండి. క్రోమ్‌లో అశ్లీల సైట్లకు అడ్డు అక్కడే పెట్టొచ్చు, మీ అనుమతి లేకుండా ప్లేస్టోర్ నుంచి వీపీఎన్ యాప్ దిగదు. వాట్సాప్ గ్రూపులో వచ్చిపడే వీడియోను మాత్రం ఏ డీఎన్‌ఎస్సూ ఆపలేదు. అలాంటిది కనబడితే మీకు చూపించమనీ, తిట్లు పడవనీ వాడికి ముందే చెప్పి ఉంచండి.