బల్ల దగ్గరికి బడి మీదుగా రా

తార్నాక,
హైదరాబాద్.

చిరంజీవి అమ్ములుకి,

నీ ఉత్తరం అందింది. మాధాపూర్‌లో ఒక కంపెనీ వాళ్లు కంటెంట్ డెవలపర్‌గా తీసుకుంటామన్నారని, మీ నాన్న మాత్రం బీఎడ్ చేసి డీఎస్సీ రాయమంటున్నాడని, నీ మనసేమో కరికులం డెవలప్‌మెంట్ మీదే ఉందని రాశావు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన పిల్ల ఈ పనిలోకి రావాలనుకోవడం నాకు పెద్ద సంతోషం. నా మాట ముందే చెప్పేస్తున్నా. బీఎడ్ చెయ్యి. రెండు మూడేళ్లు బడిలో పాఠం చెప్పు. ఆ తర్వాతే రాసే బల్ల దగ్గర కూర్చో. దారి మీ నాన్న చెప్పినదే గానీ కారణం వేరు. ఆయనకు సర్కారు కొలువు ముఖ్యం, నాకు నీ చేతికి రావలసిన పనితనం ముఖ్యం.

ఒక లెక్కతో మొదలుపెడతాను. దశాంశాలు నేర్చుకుంటున్న పిల్లల్ని 0.7 పెద్దదా, 0.3 పెద్దదా అని అడుగు. దాదాపు అందరూ సరిగ్గానే చెబుతారు. మరి 0.5 పెద్దదా, 0.45 పెద్దదా అని అడిగి చూడు. తరగతిలో కొందరు తప్పకుండా 0.45 అంటారు. నలభై అయిదు అయిదు కన్నా పెద్దది కదా అని వాళ్ల తర్కం. బిందువుకు కుడిపక్కన ఉన్నదాన్ని కూడా మామూలు సంఖ్యలాగే చదువుతున్నారన్నమాట. మొదటి ప్రశ్నకు ఒప్పు చెప్పింది కూడా ఈ పిల్లలే. అక్కడ ఆ తప్పు చదువుతోనూ ఒప్పు జవాబే వస్తుంది. కాబట్టి మొదటి ప్రశ్న వల్ల నీకు తెలిసింది ఏమీ లేదు. రెండోది పిల్ల మనసులో ఏముందో బయటపెట్టింది.

ఈ రెండు ప్రశ్నలకూ మధ్య తేడా పట్టుకోవడమే నువ్వు చేయబోయే పనిలో సగం. దశాంశాలకు ముందు స్థానవిలువ ఎంత గట్టిగా రావాలి, చతురస్రాన్ని పది గళ్లుగా, వంద గళ్లుగా విడగొట్టిన బొమ్మ ఎప్పుడు చూపించాలి, రూపాయి పైసల ఉదాహరణ ఎంతదూరం పనికొస్తుంది (మూడో స్థానం దగ్గర అది చేతులెత్తేస్తుంది), ఇవన్నీ ఆ తప్పు ఎరిగినవాళ్లే తేల్చగలరు. అది ఎమ్మెస్సీ పుస్తకాల్లో దొరకదు. నువ్వు చిన్నప్పుడే దాన్ని దాటి మరిచిపోయావు. కట్టలకొద్దీ నోటుబుక్కులు దిద్దితే మళ్లీ కనిపిస్తుంది. అందుకే బడి అంటున్నాను.

రాల్ఫ్ టైలర్ 1949లో వేసిన చిన్న పుస్తకం గురించి బీఎడ్‌లో చెబుతారు. ఏం సాధించాలి, అందుకు పిల్లకు ఎలాంటి అనుభవాలు ఇవ్వాలి, వాటిని ఏ వరుసలో పేర్చాలి, వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి అని అందులో నాలుగు ప్రశ్నలు. నాలుగోదాన్ని ముందు పట్టుకోమంటాను నేను. మన దగ్గర పిల్లలైనా, టీచర్లైనా, తల్లిదండ్రులైనా కరికులం అని నమ్మేది ప్రశ్నపత్రాన్నే.

నువ్వు చదువుకున్న పుస్తకాలే చూడు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో విద్యాప్రణాళిక పరిధిపత్రం తయారైంది. దాని ప్రకారం కొత్త పుస్తకాలు వరసగా వచ్చి 2014-15 నాటికి పదో తరగతిదాకా చేరాయి. ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’, ‘ఆలోచించి, చర్చించి రాయండి’ గుర్తున్నాయా? పాఠంలో వెతికితే దొరకని జవాబు పిల్ల తానే ఆలోచించి రాయాలని వాటి ఉద్దేశం. ఆ పుస్తకాలంటే నాకు ఈనాటికీ గౌరవం. కానీ అచ్చైన ప్రతి ప్రశ్నకూ గైడు జవాబు అచ్చేసింది. మీ ఊరి గురించి రాయమన్న ప్రశ్నకు కూడా గైడులో జవాబు ఉంటే, పిల్ల తన ఊరిని పక్కన పెట్టి గైడులోని ఊరినే రాస్తుంది. సిలబస్ అయిపోవాలన్న తొందరలో టీచరుకు కూడా అదే సులువవుతుంది. రాసినవాళ్ల చేతగానితనమని నేననను. నలభై నిమిషాల పీరియడ్‌లో, నిండిన తరగతిలో, ఆ ప్రశ్నను టీచరు ఎలా నడపాలన్నది కూడా పుస్తకమంత శ్రద్ధగా తయారు కావలసింది. అదీ కరికులమే.

మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం ఈ సంగతి ముందే గ్రహించింది. 1972లో 16 బడుల్లో మొదలైంది. పిల్లలు ప్రయోగాలు చేసి నేర్చుకునేవాళ్లు. పాఠాలను తరగతుల్లో వాడి చూసి, టీచర్లతో కూర్చుని తిరగరాసేవాళ్లు. పరీక్షకు పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు, ప్రయోగ పరీక్ష విడిగా ఉండేది. పరీక్షను కూడా మార్చారు గనక బట్టీకి అక్కడ చోటు లేకపోయింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్ల పని ఒక ఉత్తర్వుతో ఆగిపోగలదని కూడా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు తెలుసుకోవాలి.

ఇక ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, తర్వాత సీఫెల్‌గా పేరు పడి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆ సంస్థ మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. పాఠ్యసామగ్రి తయారీ, పరీక్షల రూపకల్పన అక్కడ చదువుగా చెబుతారు. నీది లెక్కలైనా భాష నేర్పేవాళ్ల రాతలు చదువు. ముఖ్యంగా ఎన్.ఎస్. ప్రభు 1987లో తెచ్చిన పుస్తకం. 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో నడిచిన బెంగళూరు ప్రాజెక్టు వివరమంతా అందులో ఉంది. వాళ్లు వ్యాకరణం వరస పెట్టుకోలేదు. రైలు టైంటేబులు, ఊరి మ్యాపు లాంటివి ఇచ్చి, ముందు టీచరు తరగతితో కలిసి ఒక చిక్కు విప్పడం, తర్వాత అలాంటిదే పిల్లలు సొంతంగా విప్పడం. ఆ పని తగినంత కష్టంగా ఉందో లేదో తెలుసుకోవడానికి వాళ్లు పెట్టుకున్న కొలత నాకు ప్రాణం. తరగతిలో కనీసం సగం మంది, ఇచ్చిన పనిలో కనీసం సగం చేయగలగాలి. అంతకన్నా తగ్గితే పని మోయలేనంత బరువు. అందరూ అంతా చేసేస్తే అందులో నేర్చుకునేదేమీ లేదు. ఈ కొలత కుర్చీలో కూర్చుంటే తెలియదు, తరగతిలో తలలు లెక్కపెట్టాలి.

మన నేలమీద ఇంకో మంచి పని జరిగింది. 2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కోలామి, కోయ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో చిన్న తరగతులకు మాతృభాషా బోధన మొదలుపెట్టింది. పుస్తకాలు తెలుగు లిపిలోనే వేశారు. ఆ భాషలు మాట్లాడే టీచర్లే వాటి తయారీలో కూర్చున్నారు. ఎందుకంటే ఆ ఇళ్లలో పాటలేమిటో, పంటలేమిటో, లెక్క పెట్టే తీరేమిటో బయటివాళ్లకు తెలిసే వీల్లేదు. ఇప్పుడు తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం, రెండు భాషల పుస్తకం వచ్చాయి. ఎదురెదురు పేజీల్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిషు. పిల్ల చూపు ముందు ఏ పేజీ మీద పడుతోంది, చిక్కు వచ్చినప్పుడు ఎటు మళ్లుతోంది అన్నది ఒక్క పీరియడ్ వెనక బెంచీలో కూర్చుని గమనించు. రేపు నువ్వు రాసే పేజీకి అంతకన్నా మంచి గురువు ఉండదు.

కొలువుల సంగతి. ఎస్సీఈఆర్టీ పుస్తకాలు రాసేవాళ్లలో ఎక్కువమంది బడుల నుంచి వర్క్‌షాపులకు పిలిపించిన టీచర్లు, డైట్ లెక్చరర్లే. అంటే సర్కారు పుస్తకంలో నీ చెయ్యి పడాలన్నా దారి బడి మీదుగానే. ప్రైవేటు ప్రచురణ సంస్థలు మన ఊళ్లోనే ఉన్నాయి, హిమాయత్‌నగర్‌లో ఓరియంట్ బ్లాక్‌స్వాన్‌తో సహా. వాళ్ల దగ్గర ఎడిటింగ్ నేర్చుకుంటే వాక్యం బిగువు పట్టుబడుతుంది. టిస్, అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఎంఏ ఎడ్యుకేషన్ చెబుతాయి. ఆ చదువు బడిలో పని చేశాక వెళితేనే లాభం. టీచరు దగ్గర లేకుండా పాఠమే టీచరు కావలసిన చోటు ఎలా ఉంటుందో చూడాలంటే సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పుస్తకాలు తిరగెయ్యి. ఉస్మానియా వైస్‌చాన్స్‌లర్‌గా చేసిన జి. రామిరెడ్డి గారి సారథ్యంలో 1982లో మొదలైన ఆ సంస్థ దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం.

మాధాపూర్ కొలువు చెడ్డదని కాదు. స్టోరీబోర్డు రాయడం, గడువుకు పని అప్పజెప్పడం అక్కడ బాగా వస్తాయి. అయితే వాళ్లడిగేది రోజుకిన్ని ప్రశ్నలు, ఇన్ని స్లైడ్లు. ఏఐ వచ్చాక ఆ లెక్క ఇంకా పెరిగింది. యంత్రం నిమిషంలో యాభై ప్రశ్నలిస్తుంది. వాటిలో 0.7, 0.3 లాంటివేవో, 0.5, 0.45 లాంటివేవో ఏరే మనిషి కావాలి. బడి చూడకుండా వెళితే నువ్వు ఆ మనిషివి కాలేవు. ఇంట్లో డబ్బు ఇబ్బంది వల్ల ఇప్పుడే చేరక తప్పదంటే దాపరికం లేకుండా రాయి, మీ నాన్నతో నేను మాట్లాడతాను. చేరినా నా దగ్గరే ఉండు. తార్నాకలో మెట్రో ఎక్కితే మారకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. శనివారాలు మాత్రం దగ్గర్లో ఏదైనా బడికి ఇవ్వాలి. హెడ్‌మాస్టర్లను అడిగి ఏర్పాటు చేసే పూచీ నాది.

ఎడ్‌సెట్ నోటిఫికేషన్ తేదీలు చూసుకో. ఈలోగా ఒక పని. ఏడో తరగతి లెక్కల పుస్తకంలో నీకిష్టమైన అధ్యాయం తీసుకుని, చివర ఉన్న అభ్యాసంలో ఏ ప్రశ్న ఏ తప్పును బయటపెడుతుందో పక్కన రాయి. ఏదీ బయటపెట్టనివి కొట్టేసి, వాటి చోట నీవి పెట్టు. మీ వీధి పిల్లలు నలుగురైదుగురి చేత చేయించు. వాళ్ల జవాబులు దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టుగా పట్టుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ అమ్మను మోకాళ్లు ఒకసారి డాక్టరుకు చూపించుకోమను.

ఇట్లు,
పెద్దమ్మ