విఱిగిన కొయ్య విమానమును బాగుచేయుట

విఱిగిన ఆటవస్తువును అతికించి మరల నాడుకొనుట మనకందఱకును అలవాటే. కాని రేడియోతో నడపు కొయ్య విమానము విషయమున ఆ యలవాటు చాలదు. మేమీ పాఠమును నేర్చుకొనిన విధమును ఇచట వ్రాయుచున్నాము.

గడచిన వర్షాకాలము చివర, కురుపాము వెలుపలి మైదానములో మా చిన్న విమానపు ఎడమ రెక్క మామిడికొమ్మకు తగిలెను. రెక్కపై పొర చినుగలేదు. నలిగినచోట జిగురు పూసి, ఆఱగానే మరల ఎగురవేసితిమి. మలుపు తిరుగుచుండగా రెక్క ఆ చోటనే రెండుగా విఱిగెను. గట్టుమీద పశువులను కాయుచున్న యొక పిల్లవానికి పదియడుగుల దూరమున విమానము కూలెను. వానికేమియు కాలేదు గాని మేము మిక్కిలి సిగ్గుపడితిమి.

ఇట్టి విమానములకు వాడు బాల్సా కొయ్య ముఖ్యముగా దక్షిణ అమెరికాలోని ఈక్వడారునుండి వచ్చును. అది మన బూరుగు కుటుంబములోని చెట్టే. ఘనమీటరు కొయ్య సుమారు 160 కిలోలు, అనగా నీటిలో ఆఱవవంతు మాత్రమే తూగును. రెక్కలో మొదటినుండి కొనవఱకు సాగు సన్నని దూలమును స్పార్ అందురు. ఎగురునప్పుడు రెక్క పైకి వంగగా దూలపు పైభాగము నొక్కుకొనును, క్రిందిభాగము సాగును. కావున వెండ్రుకవంటి పగులైనను అపాయకరమే.

బాగుచేయు క్రమమిది:

1. మొదట బ్యాటరీని ఊడదీయవలెను. లేనియెడల ముందరి పంకా హఠాత్తుగా తిరిగి వ్రేళ్లను కోయును. ముక్కలన్నిటిని ఏరి దాచవలెను. అవి కొలతలకు పనికివచ్చును.

2. పైపొరను కోసి లోపల చూడవలెను. రెక్కను మెల్లగా వంచి, పగులు విచ్చుకొనునేమో కనిపెట్టవలెను. దెబ్బతగిలిన చోటనే గాక రెక్క మొదటను గూడ పరీక్షింపవలెను.

3. విఱిగిన దూలపు కొనలను ఎదురెదురుగా అతుకరాదు. అడ్డముగా తెగిన నారను జిగురు గట్టిగా పట్టదు. రెండు కొనలను ఏటవాలుగా కోసి, ఒకదానిపై నొకటి ఆనించవలెను. వాలు పొడవు మందమునకు పది పండ్రెండు రెట్లుండవలెను. 6 మిల్లీమీటర్ల మందమునకు 60 నుండి 72 మిల్లీమీటర్లన్నమాట. జిగురు పూయకముందు ఆనించి చూచినచో సందున వెలుతురు కనబడరాదు.

4. అతుకునకు ఇరుప్రక్కల పలుచని ప్లైవుడ్ బద్దలను అంటింపవలెను. వాని కొనలు క్రమముగా సన్నగిల్లవలెను. మొండిగా నిలిపినచో దూలము ఆ యంచుననే మరల విఱుగును.

5. రెక్కను చదునైన బల్లపై మైనపు కాగితము పఱచి, గుండుసూదులతో నిలిపి, ఒక రాత్రి కదలింపక ఉంచవలెను. వానదినములలో ఇంకను ఆలస్యమగును.

6. చివరకు విమానపు తూకమును మరల సరిచూడవలెను. అతుకు బరువుచే తోక క్రుంగినచో విమానము మన చేతికి లోబడదు.

ఈ జాగ్రత్త బొమ్మలకే పరిమితము కాదు. రెండవ ప్రపంచయుద్ధములోని డి హావిలాండ్ మాస్కిటో కొయ్యతో చేసిన గొప్ప యుద్ధవిమానము. దాని దేహము బర్చి పలకల నడుమ బాల్సా పొదిగి చేసినది. 1944లో తూర్పుదేశములలో కొన్ని మాస్కిటోలు కూలగా, మొదట ఇచటి యెండను, వానను, జిగురును నిందించిరి. తరువాతి విచారణలలో, వానకాలము నెఱుగని విమానములందును అట్టి లోపములే కనబడెను. కూర్పులోను, అతికించుటలోను దోషమున్నదని తేలెను. మా మామిడికొమ్మ సంగతియు అట్టిదే. తప్పు కొమ్మది గాదు, మాది.

ఇప్పుడు మేము పైపొర వేయకముందు అతుకును మఱియొకరికి చూపుదుము. పిమ్మట రెక్కల కొనలక్రింద చేతులుంచి విమానమునెత్తి చూతుము. మైదానమున ఎవరును లేరని తెలిసికొనిన పిదపనే ఎగురవేయుదుము. పైపొర కన్నులను మోసగింపవచ్చును గాని గాలిని మోసగింపలేదు.