టైఫాయిడ్ టీకా – నాలుగు ఖండాలు కలిసి చదివిన పాఠం



విశ్వవిద్యాలయం అనగానే మనకు డిగ్రీలు, పీజీ సీట్లు, స్కాలర్‌షిప్పులు గుర్తుకు వస్తాయి. కానీ విశ్వవిద్యాలయానికి ఇంకొక పని కూడా ఉన్నది. జవాబు ఇంతవరకు దొరకని ప్రశ్నకు జవాబు వెతకడం ఆ పని. దానినే పరిశోధన అంటాం. కొన్ని ప్రశ్నలు ఒక్క ఊరివో, ఒక్క దేశానివో కావు. అటువంటి ప్రశ్నల మీద వేర్వేరు ఖండాల విశ్వవిద్యాలయాలు కలిసి పని చేస్తాయి. ఆ పని ఎట్లా జరుగుతుందో, దానివల్ల ఎవరికి ఏమి దక్కుతుందో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం. ఆ ఉదాహరణ హాస్టల్ పిల్లలమైన మనకు బాగా తెలిసిన టైఫాయిడ్ జ్వరం. ఈ జ్వరంతో పరీక్షల ముందు నెల రోజులు మంచం పట్టినవాళ్ళు, సంవత్సరం పోగొట్టుకున్నవాళ్ళు మాలో కూడా ఉన్నారు.

టైఫాయిడ్ ఎవరి జబ్బు?

టైఫాయిడ్‌ను కలిగించేది సాల్మొనెల్లా టైఫీ అనే బాక్టీరియా. ఇది మనుషుల్లో మాత్రమే బతుకుతుంది. రోగి మలం ద్వారా బయటకు వచ్చి, నీటిలోనో అన్నంలోనో కలిసి మరొకరి కడుపులోకి చేరుతుంది. అంటే ఇది మురుగు నీరు, తాగే నీరు ఒకదానితో ఒకటి కలిసే చోట ఉండే జబ్బు.

ఒకప్పుడు ఈ జబ్బు అమెరికా, ఇంగ్లండులలో కూడా వేలాది మందిని చంపింది. అక్కడ దానిని ముందుగా వెళ్ళగొట్టింది టీకా కాదు, మందులూ కాదు. నీటిని వడకట్టి ఇవ్వడం, మురుగు కాలువలు విడిగా కట్టడం, క్లోరిన్ కలపడం వల్ల అది తగ్గిపోయింది. అమెరికాలోని జెర్సీ సిటీలో 1908లోనే ఊరి నీటికి క్రమం తప్పకుండా క్లోరిన్ కలపడం మొదలైంది. ఆ తరువాత వంద సంవత్సరాలు గడిచినా ఆసియా, ఆఫ్రికాల బస్తీలలో టైఫాయిడ్ పోలేదు. కనుక ఇది తెలియక మిగిలిన జబ్బు కాదు, పేదరికం వల్ల మిగిలిన జబ్బు.

మరి ధనిక దేశాల విశ్వవిద్యాలయాలకు దీనితో ఏమి పని? ఒక కారణం మందులకు లొంగని బాక్టీరియా. 2016 నవంబరులో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్ నగరంలో కొత్త రకం టైఫాయిడ్ బయటపడింది. మామూలుగా వాడే మందులన్నింటితో పాటు సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షనుకు కూడా అది లొంగలేదు. నోటి ద్వారా ఇచ్చే మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. కరాచీలోని ఆగాఖాన్ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఆ బాక్టీరియా జన్యువులను చదివి 2018లో కారణం ప్రకటించాయి. ఆ మందును తట్టుకునే గుణం వేరొక బాక్టీరియా నుంచి దీనికి వచ్చి చేరిందని తేలింది. ఇటువంటి బాక్టీరియా ప్రయాణికులతో పాటు విమానం ఎక్కుతుంది. దానికి వీసా అవసరం లేదు.

ఇంకొక హైదరాబాద్ నుంచి టీకా

పాత టైఫాయిడ్ టీకాలు ఉన్నవి. కానీ ఎక్కువగా వాడిన ఒక టీకా రెండేళ్ళలోపు పిల్లలకు పని చేయదు. కారణం తెలుసుకుందాం. టైఫాయిడ్ బాక్టీరియా చుట్టూ చక్కెర గొలుసులతో చేసిన ఒక పొర ఉంటుంది. దాని పేరు వీఐ. పాత టీకాలో ఆ పొర ఒక్కటే ఉండేది. చంటి పిల్లల శరీరం ఉత్త చక్కెర పొరను శత్రువుగా గుర్తు పెట్టుకోలేదు. అందుకని శాస్త్రవేత్తలు ఆ పొరను ఒక ప్రోటీన్‌కు అతికించారు. మనకు తెలిసిన మనిషి వెంట వచ్చిన కొత్త మనిషి ముఖం బాగా గుర్తుంటుంది గదా! అట్లాగే ప్రోటీన్‌తో కలిసి వచ్చిన పొరను శరీరం గుర్తు పెట్టుకుంటుంది. ఇటువంటి టీకాను కాంజుగేట్ టీకా అంటారు.

మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ ధనుర్వాతం టీకాలో వాడే ప్రోటీన్‌కు ఈ పొరను అతికించి ‘టైప్‌బార్ టీసీవీ’ని తయారు చేసింది. దీనికి 2013లో మన దేశంలో అనుమతి లభించింది. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఒక్క డోసు చాలు.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. రక్తంలో రక్షణ పదార్థాలు పెరిగాయని పరీక్షలు చెప్పినంత మాత్రాన నిజంగా జబ్బు ఆగుతుందా? ఆఫ్రికాలోనూ, ఆసియాలోనూ ఆగుతుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఏ ఒక్క సంస్థ వల్లా కాదు.

ఎవరు ఏ పని చేశారు?

మొదట ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నూరు మందికి పైగా పెద్దవాళ్ళు తమంతట తాము ముందుకు వచ్చారు. వారిలో కొందరికి ఈ టీకా, కొందరికి పాత టీకా, కొందరికి వేరే జబ్బు టీకా వేశారు. సుమారు నెల తరువాత వాళ్ళందరూ టైఫాయిడ్ బాక్టీరియా కలిపిన ద్రవం తాగారు. డాక్టర్లు రోజూ చూస్తూ, అందరికీ మందులిచ్చి నయం చేశారు. కాంజుగేట్ టీకా వేసుకున్నవారిలో జబ్బు సగానికి పైగా తగ్గింది. 2017లో ఈ ఫలితం వెలువడింది. అదే సంవత్సరం అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం కాంజుగేట్ టీకాను సిఫారసు చేసింది.

అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ‘పాథ్’ అనే సంస్థ ఒక కూటమిగా ఏర్పడ్డాయి. బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. జబ్బు నిజంగా ఉన్న మూడు చోట్ల పిల్లల మీద పరీక్ష జరిగింది.

1. నేపాల్: లలిత్‌పూర్‌లో పాటన్ ఆరోగ్య శాస్త్రాల అకాడమీ ఆధ్వర్యంలో 20,019 మంది పిల్లలు పాల్గొన్నారు. టీకా వేసిన వారిలో జబ్బు దాదాపు 82 శాతం తగ్గింది. (2019)

2. మలావీ: ఆఫ్రికాలోని ఈ చిన్న దేశంలో, బ్లాంటైర్ నగరంలో 28 వేల పైచిలుకు పిల్లలు పాల్గొన్నారు. జబ్బు దాదాపు 81 శాతం తగ్గింది. (2021) నాలుగేళ్ళ తరువాత లెక్క చూసినా రక్షణ 78 శాతం దగ్గర నిలిచి ఉన్నది.

3. బంగ్లాదేశ్: ఢాకాలోని మీర్‌పూర్ బస్తీలలో 60 వేలకు పైగా పిల్లలకు టీకాలు వేశారు. రక్షణ 85 శాతం అని తేలింది. (2021) ఈ పరీక్షకు ముందు నిలిచిన శాస్త్రవేత్త ఫిర్దౌసీ ఖాద్రీకి అదే సంవత్సరం రామన్ మెగసేసే అవార్డు లభించింది.

ఈ పరీక్షల పద్ధతి కూడా మనం నేర్చుకోదగినది. సగం మందికి టైఫాయిడ్ టీకా వేశారు. మిగతా సగానికి వట్టి నీళ్ళు కాక పనికివచ్చే వేరొక టీకా వేశారు. నేపాల్, మలావీలలో అది మెదడు పొరల వాపు అయిన మెనింజైటిస్ టీకా. ఢాకాలో అది జపనీస్ మెదడువాపు టీకా. ఎవరికి ఏ టీకా పడిందో తల్లిదండ్రులకు చెప్పలేదు. జ్వరం వచ్చిన పిల్లలకు రక్తం తీసి కల్చర్ పరీక్ష చేశారు. చివరకు కవర్లు విప్పి లెక్క చూశారు. మన ఇష్టాయిష్టాలు లెక్కలోకి దూరకుండా చేసే ఏర్పాటు ఇది.

సింధ్‌లోని హైదరాబాద్ సంగతి కూడా చెప్పుకోవాలి. మన హైదరాబాద్ టీకాను 2018లో ఆ హైదరాబాద్‌లో రెండు లక్షల మందికి పైగా పిల్లలకు వేశారు. మందులకు లొంగని టైఫాయిడ్‌ను సైతం అది గట్టిగా అడ్డుకున్నది. సరిహద్దు దగ్గర రెండు దేశాల మధ్య ఎన్ని గొడవలున్నా ఒక ఊరి టీకా ఇంకొక ఊరి పిల్లలను కాపాడింది.

భాగస్వామ్యం సమానమేనా?

ఇటువంటి పనులలో మనం అడగవలసిన ప్రశ్నలున్నవి. డబ్బు, పెద్ద ప్రయోగశాలలు ఒక వైపు, జబ్బు, రోగులు ఇంకొక వైపు ఉన్నప్పుడు పేద దేశం వట్టి రక్తం నమూనాలు పంపే చోటుగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. అందుకని ఏ భాగస్వామ్యాన్నైనా మూడు ప్రశ్నలతో కొలవాలి. మొదటిది, స్థానిక శాస్త్రవేత్తలు ముందు వరుసలో ఉన్నారా? రెండవది, పని అయిపోయాక ప్రయోగశాల, నైపుణ్యం అక్కడే మిగిలాయా? మూడవది, పరీక్షకు చేయి చాపిన ప్రజలకు దాని ఫలం అందిందా?

మూడవ ప్రశ్నకు ఇక్కడ మంచి జవాబే వచ్చింది. పాకిస్తాన్ 2019లో, నేపాల్ 2022లో, మలావీ 2023లో పిల్లలందరికీ ఈ రకం టీకాను ప్రభుత్వం తరఫున వేయడం మొదలుపెట్టాయి. బంగ్లాదేశ్ 2025 అక్టోబరులో ప్రారంభించింది. హైదరాబాద్‌కే చెందిన బయొలాజికల్ ఇ సంస్థ తయారు చేసిన మరొక టీకాకు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది.

మన దేశంలో 2018లో నవీ ముంబై నగరపాలక సంస్థ లక్ష మందికి పైగా పిల్లలకు ఈ టీకా వేయించింది. టీకాల మీద కేంద్ర ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల బృందం 2022లో దీనిని సిఫారసు చేసింది. టీకా పుట్టిన నేల మీద హాస్టల్ పిల్లలకు అది ఉచితంగా అందుతున్నదా అని అడిగే హక్కు మనకున్నది. హాస్టల్‌కు వచ్చే ఏఎన్ఎం అక్కను, పీహెచ్‌సీ డాక్టరుగారిని అడగండి. వార్డెన్ గారి ద్వారా అర్జీ రాయండి.

మనం చేయవలసినవి

టీకా వచ్చినంత మాత్రాన నీటి సంగతి మరచిపోకూడదు. నూటికి ఎనభై మందిని కాపాడే టీకా మిగతా ఇరవై మందిని నీటికే వదిలేస్తుంది.

1. ఓవర్‌హెడ్ ట్యాంకును ఎప్పుడు కడిగారో, క్లోరిన్ ఎప్పుడు కలిపారో గోడ మీద తేదీ వేసి రాయించాలి.

2. మరుగుదొడ్డి దగ్గరా, మెస్ దగ్గరా సబ్బు ఉండాలి. జబ్బు తగ్గినా కొందరి కడుపులో బాక్టీరియా మిగిలి ఉంటుంది. వాళ్ళకు ఏ బాధా ఉండదు. అందుకని వండేవారైనా, వడ్డించే పిల్లలైనా అందరూ చేతులు కడుక్కోవాలి. ఇందులో ఎవరినీ అనుమానించే పని లేదు.

3. జ్వరం మూడు రోజులు దాటితే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఒక్కసారి చేసిన విడాల్ పరీక్షను బట్టి టైఫాయిడ్ అని తేల్చడం సరికాదు. వీలైతే మందులు మొదలు పెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించమని అడగాలి.

4. డాక్టరు రాసిన మందులను జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. మిగిలిన బిళ్ళలను స్నేహితుడికి ఇవ్వకూడదు. మందులకు లొంగని బాక్టీరియా పెరగడానికి ఇటువంటి అలవాట్లు కూడా కారణం.

చివరగా ఒక మాట. ఈ పనిలో డాక్టర్లే కాదు, జ్వరం వచ్చిన ఇంటికి నడిచి వెళ్ళినవారు, లెక్కలు వేసినవారు, ప్రయోగశాలలో కల్చర్ ప్లేట్లు చూసినవారు వందలాది మంది ఉన్నారు. మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు ఇటువంటి పనికి దారి చూపిస్తాయి. ట్యాంకు నీళ్ళు తాగి జ్వరపడిన పిల్లలకు ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. పదవ తరగతి, ఇంటర్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ కోర్సుల గురించి తెలుసుకోవాలనుకుంటే, వార్షికోత్సవం రోజున పూర్వ విద్యార్థుల బల్ల దగ్గరకు రండి. మేము అక్కడే ఉంటాం.